మిషన్‌లో మామ, బెల్టు దగ్గర మామ

ఇది డైరీకి తప్ప ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాచారంలో నా మొదటి ఉద్యోగంలో, నేను రాసిన మొదటి డ్రైవర్‌లో, ఒక మాట ఉండాల్సిన చోట ఇంకో మాట రాశాను. తెలియక రాసిందిలే, కొత్త పిల్ల అని అందరూ అనుకున్నారు. నేనూ తల ఊపాను. తెలియక కాదు. రెండు మాటల్లో అది కాస్త మర్యాదగా కనిపించింది, అందుకే రాశాను.

ఈమధ్యే ఆ ఉద్యోగం మానేశాను. పదవీ విరమణ అనుకునే వయసు కాదు గాని, ఆరేళ్ల డైరీలు అట్టపెట్టెలో సర్దుతుంటే ఆ రోజు పేజీ తెరుచుకుంది. దాని మీద ఇంకా కారం మరక ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోండి.

డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదని ముందే చెప్పాలి. మా అమ్మ బోడుప్పల్‌లో పక్కింటివాళ్లతో ఇప్పటికీ “మా పిల్ల డ్రైవర్ రాస్తది” అంటుంది. వాళ్లు లైసెన్సు పరీక్ష అనుకుని “పాసైందా?” అని అడుగుతారు. అమ్మ “ఏడ పాసైతది, ఇంక రాస్తనే ఉన్నది” అంటుంది.

మిషన్‌ను నడిపే కంప్యూటర్ లోపల ప్రోగ్రాములన్నిటికీ చోటు పంచే పెద్ద ఒకరుంటారు, కెర్నెల్ అంటాం. సెన్సరునో త్రాసునో చూసుకునే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. అది ఏదైనా రాసిపెట్టుకోవాలంటే పెద్దను కాస్త మెమరీ అడగాలి. ఊరికే అడిగితే కుదరదు. ఎలా అడుగుతున్నామో చెప్పే ఒక మాట, ఫ్లాగు అంటాం, జత చేయాలి. జీఎఫ్‌పీ కెర్నెల్ అని రాస్తే, “మీకు వీలైనప్పుడే ఇవ్వండి, అవసరమైతే అప్పటిదాకా ఓ కునుకు తీస్తాను” అన్నట్టు. జీఎఫ్‌పీ అటామిక్ అని రాస్తే, “ఇప్పుడే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు, ఆగే తీరిక లేదు” అన్నట్టు.

ఇందులో ఒక నియమం ఉంది. సెన్సరు ఉన్నట్టుండి పిలిచినప్పుడు, దాన్ని ఇంటరప్టు అంటాం, అప్పటిదాకా నడుస్తున్న ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపి, దాని కుర్చీలో కూర్చుని మన కోడు పని చేస్తుంది. ఒకరి కుర్చీలో కూర్చుని కునుకు తీయకూడదు కదా. అందుకే అక్కడ అటామికే రాయాలి. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. స్కేలు పెట్టి కింద గీత కూడా గీశాను.

కానీ నేనెలాంటిదాన్నో మీకు తెలియదు. ఉప్పల్ రింగురోడ్డులో షేర్ ఆటో ఎక్కి నాచారంలో దిగాలి. “ఆపన్నా” అని గట్టిగా అనడానికి నోరు రాక, ఇంకెవరైనా ఆపితే దిగుదామని చూస్తూ మల్లాపూర్ దాకా వెళ్లి వెనక్కి నడిచొచ్చిన రోజులు డైరీలో ఎన్నో ఉన్నాయి. ఆఫీసులో భోజనం తర్వాత నవల చదువుకోవడానికి కూడా దానికి ఓ సర్క్యూటు బొమ్మల కాగితం అట్ట వేసుకునేదాన్ని. అలాంటిదాన్ని “ఇప్పుడే ఇవ్వు” అని కెర్నెల్ ముందు ఎలా నిలబడను? నేను అడిగేదెంత, నాలుగు అంకెలు పట్టేంత చోటు. అంత చిన్నదానికి దబాయింపు ఎందుకు? వీలైనప్పుడే ఇవ్వండి అందాం అనుకున్నాను. మా ఆఫీసులో ఎన్నిసార్లు నడిపినా ఏమీ కాలేదు. మెమరీ బోలెడు ఖాళీగా ఉంది, అడగ్గానే ఇచ్చేసింది, కునుకు తీసే అవసరమే రాలేదు. మర్యాదకు ఫలితం ఉందనుకున్నాను.

మా ఆఫీసు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డు పైఅంతస్తు. కింద లేత్ మిషన్లు, పైన మేము ఆరుగురం. ప్యాకెట్లు బెల్టు మీద పోతుంటే బరువు చూసి, తక్కువున్నదాన్ని పక్కకు నెట్టేసే మిషన్ చేసేవాళ్లం. మా టీము పెద్దను అందరం అన్న అనేవాళ్లం. జనగామ వైపు మనిషి. ఆయనకో అలవాటు ఉంది. మిషన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ వరస పేరు పెట్టేవాడు.

“మనుషులకే వరసలుండాల్నా? ప్రోగ్రాములు గూడ ఒక ఇంట్ల ఉండేటియే గద” అనేవాడు.

తెర మీద వార్తలన్నీ చూపించే ప్రోగ్రాము పేరు వదిన. ఆఫీసులో వదినలెవరూ లేరు గనుక అభ్యంతరం రాలేదు. ప్యాకెట్లు లెక్కపెట్టే ప్రోగ్రాము పేరు మామ. ఎందుకంటే అది క్షణం ఊరుకోదు, ఊపిరాడనివ్వకుండా ఎన్నయినయ్, ఎన్నయినయ్ అని అడుగుతూనే ఉంటుంది. దాని వల్ల బోర్డు, అంటే మిషన్‌లోని చిన్న కంప్యూటర్, వేడెక్కుతుందని నాకు తెలుసు. అన్నకు చెప్పాలని మూడు వారాలు డైరీలో రాసుకున్నాను.

నా కోడు అన్న చూశాడు. పై నుంచి కిందికి రెండు నిమిషాల్లో చదివి, “సూపర్. జర స్పేసులు సరిజెయ్” అన్నాడు. స్పేసులు సరిచేశాను.

మిషన్‌ను మొదట పెట్టింది ఉప్పల్‌లో ఒక కారం పొడి ఫ్యాక్టరీలో. వారం ట్రయల్, నచ్చితే ఇంకో మూడు మిషన్లు తీసుకుంటారు. ఆ యజమాని అక్కడి పాత ఊరి మనిషే, ఒకప్పుడు అవే భూముల్లో మిరప వేసేవాడట, ఇప్పుడు మిరప కొని పొడి కొట్టి అమ్ముతున్నాడు. మనిషి మంచివాడే. అయితే మిషన్లంటే ఆయనకు విపరీతమైన గౌరవం. “మనిషి అబద్ధమాడ్తడు, మిషన్ అబద్ధమాడది” అన్న మాట ఆ వారంలో ఆయన నోట కనీసం ఇరవై సార్లు విన్నాను.

బెల్టు దగ్గర ఆపరేటరుగా ఒక పెద్దాయన ఉండేవాడు. అక్కడ ప్యాకింగ్ చేసే ఆడవాళ్ల నుంచి వాచ్‌మన్ దాకా ఆయన్ను పిలిచే పేరు ఒక్కటే, మామ. అసలు పేరు జీతం కాగితంలో ఉండి ఉంటుంది. భోజనం తర్వాత మిరప బస్తాకు ఆనుకుని ఓ పది నిమిషాలు కళ్లు మూసుకునేవాడు. కారం ఘాటుకు మాలాంటివాళ్లం తుమ్మి తుమ్మి చస్తుంటే, ఆయన పసిపిల్లవాడిలా నిద్రపోయేవాడు. యజమాని అప్పటికి రెండుసార్లు పట్టుకున్నాడు. మూడోసారి దొరికితే పనిలోంచి తీసేస్తానన్నాడు. మామ మొదటి రోజే నాతో తన బాధ చెప్పుకున్నాడు.

“బిడ్డా, ఇరవై ఏండ్ల సంది ఈడనే జేస్తున్న. ఈ వయసుల తీసేస్తే ఇంకెవడు పెట్టుకుంటడు? గని తిన్నంక కండ్లు నా మాట ఇనయ్. గీ మిషన్ నా మీద చాడీలు జెప్పదు గద?”

చెప్పదని తల ఊపాను. అది మిషన్ తరఫున నేనిచ్చిన మాట.

ట్రయల్ మూడో రోజు అన్న బోర్డులో కెర్నెల్ మార్చాడు. మామూలు కెర్నెల్ చూసీ చూడనట్టు పోతుంది. ఈ కొత్తది పరీక్షల కోసం చేసింది, నియమం తప్పితే చాలు, నష్టం జరిగినా జరగకపోయినా తెర మీద అరిచి చెబుతుంది. “ఏమన్న లొసుగుంటే ఇప్పుడే బయటపడనియ్” అని, బెల్టుకు ఇంకో కేబుల్ కావాలని రింగురోడ్డు వైపు బైకు మీద వెళ్లిపోయాడు. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. మామ బస్తా దగ్గర ఉన్నాడు. కళ్లు ఆయన మాట వినడం లేదు.

ప్యాకింగ్ ఆడవాళ్లలో ఒక అక్క బెల్టు ఆన్ చేసింది. మొదటి ప్యాకెట్ సెన్సరు దాటింది. తెర మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వరసగా పడ్డాయి. సరిగ్గా అప్పుడే యజమాని లోపలికి వచ్చాడు.

ఆయన తెర ముందు నిలబడి, వేలు పెట్టి, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివాడు. ఆ వరుసలో ఉన్న మాటలు ఇవి: బగ్, స్లీపింగ్, ఫంక్షన్, కాల్డ్, ఫ్రమ్, ఇన్‌వాలిడ్, కాంటెక్స్ట్. దాని కింద వరుస చివర, నేమ్: మామ.

కెర్నెల్ చెప్పింది నాకు అర్థమైంది. నిద్రపోగల పనిని నిద్రపోకూడని చోట పిలిచారని. అంటే నా మర్యాద బయటపడింది. ఆ క్షణంలో కుర్చీ ఎవరిదో, అంటే ఏ ప్రోగ్రామును ఆపి మన కోడు కూర్చుందో, దాని పేరు కూడా కెర్నెల్ రాస్తుంది. తప్పు దానిది కాకపోయినా, అక్కడ ఉన్న పాపానికి పేరు పడుతుంది. ఎప్పుడు చూసినా అడుగుతూ కూర్చునేది మామ ప్రోగ్రామే గనుక పేరు దానిదే పడింది.

యజమానికి మాత్రం ఇంకోలా అర్థమైంది.

“బగ్... బగ్గ స్లీపింగ్” అన్నాడు. “బగ్గ పండుకున్నడట!” బగ్గ అంటే ఆయన మాటలో బాగా అని.

ప్యాకింగ్ అక్క చేతులు ఆపేసింది.

“ఫంక్షన్... కాల్డ్. ఫంక్షన్‌కు పిలిచిన్రట. నిన్న ఆయిన మరదలి బిడ్డ చీరె ఫంక్షన్ ఉండెనా? పొద్దుగాల లడ్డూలు నాక్కూడ పెట్టె గదా! ఇన్‌వాలిడ్... చెల్లదు అంటున్నది. నేమ్, మామ.” ఆయన మిషన్‌కు దండం పెట్టినంత పని చేశాడు. “అబ్బబ్బ, ఏం మిషన్‌రా! ఫంక్షన్ సంగతి గూడ దీనికెట్ల ఎర్కయిందే?”

అందరి తలలూ బస్తా వైపు తిరిగాయి. బస్తా మీద మామ తల వెనక్కి వాలి, నోరు తెరిచి ఉంది.

“మామా!” అని యజమాని అరిస్తే ఆయన ఉలిక్కిపడి లేచాడు. తెర చూశాడు. ఇంగ్లీషు రాదు గాని ఎర్ర రంగు తెలుసు. చేతులు కట్టుకుని చేయకూడని పనొకటి చేశాడు. ఒప్పుకున్నాడు.

“ఔ సార్. పండుకున్న. ఐదు నిమిషాలే సార్. రాత్రి ఫంక్షన్‌ల జర ఆలస్యమైంది.”

“సూసిన్రా? మిషన్ అబద్ధమాడది!” అన్నాడు యజమాని. “మూడోసారి ఇది. రేపటి సంది రాకు మామా. లెక్క చూసి పంపిస్త.”

మామ మెడలోని తువ్వాలు తీసి మడతపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక మడత, రెండు మడతలు. వెళ్లేముందు ఒకసారి మిషన్ వైపు చూశాడు. చాడీలు చెప్పిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

నేను అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. బైకు మీద ఉన్నాడు, ఎందుకెత్తుతాడు? అన్న వస్తే ఆయన చెబుతాడు, అప్పటిదాకా ఆగుదాం అనుకున్నాను. అలా అనుకుంటూనే, నేనిప్పుడు చేస్తున్నదేమిటో తెలిసింది. మీకు వీలైనప్పుడే రండి, అప్పటిదాకా పక్కన కూర్చుంటాను. అదే ఫ్లాగు. మామ తువ్వాలు మూడో మడత పడింది. ఇంకో మడత పడితే చంకలో పెట్టుకుని గేటు దాటుతాడు.

చెబితే కొనే మనిషి ముందు మా మిషన్‌లో తప్పుందని మా నోటితోనే చెప్పినట్టు. ఆ తప్పు నాదని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. ఆయన ఒప్పుకున్నాడు కూడా.

నోరు తెరిచాను. కారం లోపలికి పోయింది. తుమ్మాను.

“ఏంది బిడ్డా?” అన్నాడు యజమాని.

మళ్లీ తుమ్మాను. మొత్తం ఏడు అని డైరీలో ఉంది.

“మంచి మాట జెప్పబోతే తుమ్మింది, జర కూసోని నీళ్లు తాగనియ్యుండ్రి” అన్నాడు వాచ్‌మన్ గుమ్మం దగ్గర నుంచి.

“ఈడ తుమ్ముకు శకునం ఏందన్నా, అట్ల జూస్తే ఒక్క ప్యాకెటన్న బయటికి పోతదా?” అంది ప్యాకింగ్ అక్క.

“ఆ మామ ఈ మామ కాదు సార్!” అన్నాను.

నా జీవితంలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. అందరూ నన్నే చూశారు. ఆగితే మళ్లీ తుమ్ము వస్తుందని గడగడా చెప్పేశాను. మామ అన్నది మిషన్‌లో ప్రోగ్రాము పేరని, ఫంక్షన్ అంటే లడ్డూలు పెట్టే ఫంక్షన్ కాదని, బగ్ అంటే బగ్గ కాదని, అక్కడ నిద్రపోయింది మనిషి కాదు, నేను రాసిన ఒక మాట అని.

యజమాని నన్ను ఎగాదిగా చూశాడు. “నువ్వు ఆయిన్ని కాపాడుదామని జెప్తున్నవ్. మంచిదానివే. గని మిషన్...”

“చూపిస్తాను సార్. మామను బెల్టు ముందు నిలబెట్టండి.”

మామను నిలబెట్టారు. “కండ్లు పెద్దగ తెరువ్ మామా” అంది అక్క. మామ భయంతో ఎలాగూ తెరిచే ఉన్నాడు, ఇంకా తెరిచాడు. నమ్మకం కుదరక యజమాని ఆయన రెండు చేతులూ పైకెత్తమన్నాడు. బస్సులో దొంగ దొరికినట్టు మామ చేతులెత్తి, కనుగుడ్లు బయటికి పెట్టి నిలబడ్డాడు. బెల్టు ఆన్ చేశాను. ప్యాకెట్ దాటింది.

బగ్, స్లీపింగ్, ఫంక్షన్. నేమ్: మామ.

యజమాని తెర చూశాడు, మామను చూశాడు. “కండ్లు తెరిసి పండుకుంటున్నవా?”

“లే సార్! మీ మీద ఒట్టు!”

“నా మీదెందుకయ్యా!”

ఈసారి మామను బయటికి పంపి అక్కను నిలబెట్టాను. ప్యాకెట్ దాటింది. నేమ్: మామ.

“ఇగ నేను గూడ మామనేనా?” అంది అక్క. “మా ఇంటాయినకు జెప్తే పండగ జేసుకుంటడు.”

ఎవరు ముందు నవ్వారో తెలియదు. యజమాని నవ్వుతూ ఊపిరి పీల్చాడు, కారం పోయింది, ఆయన కూడా తుమ్మాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక్క మాట మార్చాను. జీఎఫ్‌పీ కెర్నెల్ తీసి జీఎఫ్‌పీ అటామిక్ రాశాను. అక్కడితో పని అయిపోలేదు. ఇప్పుడే ఇవ్వు అని అడిగినవాళ్లు లేదు అనే జవాబు వినడానికి కూడా సిద్ధంగా ఉండాలి. చోటు దొరకకపోతే ఆ ప్యాకెట్‌ను మళ్లీ తూచమని పక్క తొట్టిలోకి నెట్టేలా నాలుగు వరుసలు చేర్చాను. మొహమాటపడేవాళ్లం అడగడానికే భయపడతామనుకుంటారు. కాదు, లేదంటారేమోనని భయం. లేదంటే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకుంటే సగం భయం పోతుంది. ఆ నాలుగు వరుసలు నాకు నేర్పింది అదే.

బోర్డులోకి ఎక్కించి బెల్టు నడిపాను. ఇరవై ప్యాకెట్లు దాటాయి. తెర మీద ఒక్క ఎర్ర అక్షరం లేదు.

“ఒక్క మాటకేనా ఇంత కథ?” అన్నాడు యజమాని. తర్వాత ఏదో గుర్తొచ్చి మామ వైపు తిరిగాడు. “అయితే మిషన్ నీ గురించి ఏం జెప్పనే లేదు. మరి నువ్వెందుకు ఒప్పుకున్నవయ్యా?”

“మిషన్ అబద్ధమాడదని మీరే అంటిరి గద సార్” అన్నాడు మామ.

యజమాని గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. “సరే, ఇంటికి పొయ్యేదేం లేదు. తిన్నంక కాసేపు పండుకో. గని బెల్టు బందు జేసి పండుకో. బెల్టు నడుస్తుంటే మాత్రం రెప్ప గూడ వాల్చొద్దు.”

కెర్నెల్ పుస్తకంలో నేను గీత గీసిన నియమం సరిగ్గా ఇదే. నిద్ర తప్పు కాదు, చోటు చూసుకోవాలి. పుస్తకంలో అది రెండు పేజీలుంది.

అన్న కేబుల్‌తో వచ్చేసరికి అందరం టీ తాగుతున్నాం. సంగతంతా విని తల పట్టుకున్నాడు. “కస్టమర్ ముంగట మన బగ్ మనమే జెప్పుకుంటమా తల్లీ?” అన్నాడు. నేను నేల చూశాను. తర్వాత అన్నే నా పాత కోడు తెరిచి చూసి, “దీన్ని చూసి సూపర్ అన్నది నేనే గద” అని మెల్లగా అన్నాడు. “స్పేసులు మాత్రం మస్తుగున్నయ్.”

మిగతా మూడు మిషన్లు వాళ్లు తీసుకున్నారు, కానీ ట్రయల్ ఇంకో వారం పొడిగించి. ఆ మధ్యాహ్నంతో నేను మారిపోయానని అనుకోకండి. మర్నాడు ఉదయం కూడా “ఆపన్నా” అనలేక మల్లాపూర్‌లో దిగాను. మారింది కొంచెమే. ఆ వెనక్కి నడిచిన దారిలో, మామ ప్రోగ్రాము బోర్డును వేడెక్కిస్తోందని అన్నకు ఫోన్ చేసి చెప్పాను. మూడు వారాల మాట ఒక నిమిషంలో అయిపోయింది.

ట్రయల్ ఆఖరి రోజు ఆ ఫ్యాక్టరీకి వెళ్లడం నాకు చివరిసారి. మామ అనే ప్రోగ్రాము పేరు ఎక్కడున్నా తీసేసి ఏదైనా అంకె పెట్టమని అన్న పంపాడు. భోజనం వేళ, బెల్టు ఆగి ఉంది. బస్తాకు ఆనుకుని మామ ధర్మంగా కళ్లు మూసుకున్నాడు. నేను కీబోర్డు మీద చేయి పెట్టానో లేదో ఒక కన్ను తెరిచి, ఏం చేస్తున్నావని అడిగాడు. పేరు మారుస్తున్నానని చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు, యజమాని దగ్గర్లో లేడని అటూ ఇటూ చూసుకున్నాడు, గొంతు తగ్గించాడు.

“మార్చకు బిడ్డా. గా లోపటి మామను గట్లనే ఉండనియ్. మల్ల ఎప్పుడన్న నేను దొరికితే, పండుకున్నది ఆయిననే అని జెప్పుకుంట.”